సుందరి గారి క్వారంటైన్

కెనడాలో మా తెలుగు సంఘం వేసే పత్రిక రెండు వేల ఇరవై రెండు ఉగాది సంచికలో బాలత్రిపురసుందరి గారి వ్యాసానికి ఆవిడ రాయని వాక్యాలు రెండు అతికించారు.

వ్యాసం పేరు ‘ఇంగ్లీషు దొరసానులు: భర్త పోయాక’. ఆరు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో పెద్దింటి ఆడవాళ్లు ఎలా బతికారన్నది విషయం. అందులో ఒకచోట, భర్త చనిపోయిన దొరసానికి నలభై రోజుల క్వారంటైన్ ఉండేదని రాశారు. సంపాదకుడు ఆ మాట దగ్గర ఆగాడు. లోకమంతా కరోనా నుంచి అప్పుడప్పుడే బయటపడుతోంది. ఆయనకు తెలిసిన క్వారంటైన్ ఒక్కటే. పాఠకులకు అర్థం కావాలని పక్కనే తన మాటలు చేర్చాడు: “అనగా మైల అంటకుండా వితంతువును నలభై దినములు ఒక గదిలో బంధించేవారు. మన ఆచారాలను వెక్కిరించిన తెల్లవారి ఇళ్లలోనూ ఇదే తంతు!”

అసలు అర్థం దీనికి నేరుగా ఎదురు. భర్త పోయాక నలభై రోజుల దాకా ఆ ఇంట్లోంచి ఆమెను ఎవరూ కదిలించకూడదు. కొడుకైనా సరే, మరిదైనా సరే, రాజుగారి మనిషైనా సరే. ఆ నలభై రోజుల్లోగా భర్త భూముల్లో ఆమె బతికున్నంత కాలం అనుభవించాల్సిన భాగం విడదీసి చూపించాలి. మామూలుగా అది మూడో వంతు. ఎనిమిది వందల ఏళ్ల కిందట ప్రభువులందరూ కలిసి రాజు మెడలు వంచి రాయించుకున్న పత్రంలో ఈ నలభై రోజుల మాట ఉంది. నలభై అనే మాటలోంచే క్వారంటైన్ పుట్టింది. ఓడలకూ రోగాలకూ వాడటం తర్వాతి సంగతి.

ఆవిడ రాసిన హక్కును ఆయన జైలుగా మార్చాడు. అంతటితో ఆగలేదు. స్థలం చాలలేదని ఆఖరి పేరా మొత్తం తీసేసి, అక్కడ ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు ప్రకటన వేశాడు. ఏజెంటు టై కట్టుకుని నవ్వుతున్నాడు.

ఆ సంపాదకుడి పేరు యజ్ఞనారాయణ. ఇప్పుడు రిచ్‌మండ్ హిల్‌లో ఉంటాడు. సుందరి గారి భర్తకు సొంత అన్న.

నాకు సుందరి గారు హామిల్టన్‌లో ఒక ఆసుపత్రి వంటగదిలో పరిచయం. రోగులకు వెళ్లే భోజనం ట్రేలు అక్కడ బెల్టు మీద కదులుతూ వస్తాయి. ఒక్కో ట్రే మీద ఒక చీటీ. ఉప్పు లేకుండా, చక్కెర లేకుండా, మెత్తగా రుబ్బింది, పాలు పడనివాళ్లకు వేరేది, ఇలా ఎవరికేం కావాలో దాని మీద ఉంటుంది. చీటీ చూసి మన ముందున్న వస్తువు పెట్టాలి, లేదా వదిలేయాలి. సుందరి గారిది చల్లని పదార్థాల చోటు: పెరుగు, జ్యూసు, పండు ముక్కలు. నాది ఆవిడ ఎదురుగా, సూపు. అప్పటికి నేను వచ్చి రెండేళ్లు. కాలేజీలో నేర్చుకున్న చదువు ఎవరికీ అక్కర్లేదని తెలిసింది. కనిపించిన ప్రతివాడి మీదా కోపంగా ఉండేది. చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పుస్తకం ఉండేది, చదివినదాన్ని మాట్లాడటానికి మాత్రం మనిషి లేడు.

మొదటి వారం ఆవిడ నాతో ఒక్క ముక్క తెలుగు మాట్లాడలేదు. రెండో వారం ఒక ట్రే మీద సూపు పెట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టారు.

“ఆగాగు అబ్బాయ్. క్రీం ఉంది అందులో. ఆయనకి పాలు పడవు, చూడు. లెంట్ రోజుల్లో దొరసాని వంటింట్లో అయితే నీకు ఉద్యోగం ఊడేది.”

ఈ దొరసాని ఎవరో నాకు అర్థం కాలేదు. భోజనాల విరామంలో చెప్పారు. ఈస్టరుకు ముందు ఆరు వారాలకు పైగా ఆ కాలపు పెద్దిళ్లలో మాంసం, పాలు, వెన్న, గుడ్లు ఏవీ ముట్టుకోరట. వంటవాళ్లు బాదంపప్పు రుబ్బి పాలు తీసి అన్నీ వాటితో నడిపించేవారట. మిగతా రోజుల్లో కూడా శుక్రవారం, శనివారం మాంసం లేదట.

“శనివారం నీచు తినరయ్యా, మా అమ్మలాగే. వెంకటేశ్వరస్వామి కోసం కాదనుకో.”

నేను నవ్వాను. కెనడాకు వచ్చాక పనిచేసే చోట నవ్వడం అదే మొదలు అనుకుంటాను.

ఆ తర్వాత రెండు చలికాలాలు మేము ఆ బెల్టుకు రెండు వైపులా నిలబడ్డాం. ఇప్పుడు నేను దేశానికి ఆ చివర, సర్రేలో ఉన్నాను. ఇక్కడ చలి తక్కువ, వాన ఎక్కువ. జీతం కూడా నయమే. అయినా పొద్దున లేవగానే నాకు గుర్తొచ్చేది ఆ వంటగది ఆవిరి, ట్రేలు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడు, దాని మీదుగా సుందరి గారి కాకినాడ గొంతు. పెళ్లినాటికి పదేళ్లు కూడా నిండని ఒక పెద్దింటి పిల్ల గురించి పొద్దున ఆరున్నరకు మొదలుపెడితే, ఆ పిల్లకు మూడో మొగుడు వచ్చేసరికి మధ్యాహ్నం ట్రేలు అయ్యేవి. మధ్యలో “అరటిపండు, అరటిపండు, ఇది షుగర్ పేషెంటు వద్దు” అని అంటూనే కథ నడిపేవారు. బెల్టు చివర ట్రేలు సరిచూసే పోర్చుగీసు ఆవిడకు మా భాష రాదు. అయినా మేం నవ్వితే తనూ నవ్వేది.

ఎన్ని సంగతులు చెప్పారో. దొరలు యుద్ధాలకు పోతే కోటను, పొలాలను, వందమంది నౌకర్లను చూసుకున్నది దొరసానులే. శత్రువు వచ్చి గోడల చుట్టూ దిగితే తలుపులు వేయించి నిలబడినవాళ్లున్నారు. ఒక ఇంట్లో ధాన్యం, కట్టెలు అయిపోయే వేళకు పరుపులు, తెరలు, గిన్నెలు బండ్లకెత్తి ఇంకో ఇంటికి కదిలేవారు. “మన అద్దె కొంపల్లాగే. కాకపోతే వాళ్లకి నలభై బండ్లు, మనకి ఒక యూహాల్ అద్దె వ్యాను” అనేవారు. పురిటికి ముందు నెలరోజులు చీకటి గదిలో ఆడవాళ్ల మధ్య ఉండాలి. కిటికీలకు కూడా తెరలు కప్పేవారు. మొగుడు పోయాక మళ్లీ పెళ్లికి ఎవరూ బలవంతం చేయకుండా, బిషప్పు ముందు మోకరిల్లి, ఉంగరమూ పైవస్త్రమూ తీసుకుని ఒంటరిగా ఉంటానని ఒట్టు పెట్టుకున్న ఆడవాళ్లున్నారు. వాళ్లు మఠంలో చేరరు. ఇంట్లోనే, తమ మూడో వంతు మీద, తమ ఇష్టం వచ్చినట్టు ఉంటారు. సుందరి గారికి అందరికంటే ఈ ఆడవాళ్లంటే ఇష్టం.

“కొందరు ఆ మూడో వంతు పట్టుకుని నలభై యేళ్లు బతికారయ్యా. కొడుకులు పళ్లు నూరుకుంటూ కూర్చున్నారు. ముసలమ్మ పోదు, భూమి రాదు.”

ఆవిడ చదువు కాకినాడలో ఇంటర్మీడియట్‌తో ఆగింది. ఈ సంగతులన్నీ ఎలా పోగుచేశారంటే, సెలవు రోజున బస్సెక్కి విశ్వవిద్యాలయం గ్రంథాలయానికి వెళ్లేవారు. బయటి మనిషిగా కూర్చుని చదివి, ఇంటికి తీసుకుపోవడానికి వీల్లేదు కాబట్టి అక్కడే రాసుకునేవారు. రాసుకునేది ఆ ట్రేల చీటీల వెనక. భోజనాలు అయ్యాక ట్రేలు తిరిగి వస్తాయి, చీటీలు చెత్తలోకి పోతాయి. ఆవిడ వాటిలో శుభ్రంగా ఉన్నవి తీసి, రోగి పేరున్న పైభాగం చింపి పారేసి, మిగతాది ఏప్రను జేబులో పెట్టుకునేవారు. వెనక వైపు తెల్లగా ఉంటుంది. ఒకసారి బస్సులో నాకు ఒక కట్ట చూపించారు. ఒక వైపు ఇంగ్లీషులో ‘మెత్తటి ఆహారం, ఉప్పు వద్దు’. తిప్పితే తెలుగులో చిన్న అక్షరాలు: ‘వీలునామాలో కూతురికి తన రెండో మంచి మంచం, నీలం తెరలతో సహా.’

ఇలాంటి చీటీలు పదహారేళ్లవి ఉన్నాయి ఆవిడ దగ్గర, బియ్యం వచ్చే గుడ్డ సంచుల్లో.

ఎందుకు మొదలుపెట్టారని నేను చాలాకాలం అడగలేదు. మనకు రానిదాన్ని నేర్చుకోవాలన్న పిచ్చి నాకూ ఉంది కాబట్టి అదీ అలాంటిదే అనుకున్నాను. సంచిక వచ్చాక తెలిసింది.

సుందరి గారి భర్త వీరభద్రం హామిల్టన్‌లో ఉక్కు కర్మాగారంలో ఎలక్ట్రీషియన్. అన్నదమ్ములిద్దరూ ముందూవెనకా వచ్చారు. ఆ ఊళ్లోనే కొండ మీద అన్న పేరున ఉన్న ఇంట్లో రెండు కుటుంబాలూ ఏడేళ్లు కలిసి ఉన్నాయి. పై అంతస్తులో అన్న, వదిన రాధిక. కింద తమ్ముడు, సుందరి గారు, కూతురు స్నేహ. వంట ఒకటే. తోటికోడళ్లిద్దరూ ఒకరి చీర ఒకరు కట్టుకునేంత చనువు. రెండు వేల ఆరు అక్టోబరులో ఆయన డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పుతూ పక్కకు ఒరిగిపోయారు. నలభై రెండేళ్లు.

పన్నెండో రోజు భోజనాలయ్యాక యజ్ఞనారాయణ సుందరి గారిని కూర్చోబెట్టి, నిదానంగా, మర్యాదగా, కింది భాగం ఖాళీ చేయాల్సి ఉంటుందని చెప్పాడు. రాధిక గారి తమ్ముడి కుటుంబం వస్తోందట. టికెట్లు ముందే కొన్నారట. ఎక్కడికి వెళ్తావని అడగలేదు. ఆవిడా చెప్పలేదు. ఆ సాయంత్రమే ఎనిమిదేళ్ల పిల్లతో, రెండు పెట్టెలతో ఆ ఇంట్లోంచి బయటపడ్డారు. ఇంకెవరిదో బేస్‌మెంట్ గది దొరికింది గాని, అది ఖాళీ అవడానికి నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజులూ రాత్రి ఒక పంజాబీ స్నేహితురాలి ఇంట్లో పడుకుని, పొద్దున పిల్లను బడికి పంపి, వెచ్చగా ఉంటుందని ఊరి గ్రంథాలయంలో కూర్చున్నారు.

అక్కడ బల్ల మీద ఎవరో చూసి వదిలేసిన బొమ్మల పుస్తకం ఉంది. కోటలు, గౌనులు, తలల మీద కొమ్ముల్లాంటి టోపీలు. ఒక బొమ్మ కింద మూడు వరుసల్లో ఆ నలభై రోజుల సంగతి రాసి ఉందట. క్వారంటైన్ అంటే కుక్కలకూ ఓడలకూ పెట్టేది కదా అనుకున్నారు. కౌంటరు దగ్గరికి వెళ్లి నిఘంటువు అడిగి తీసుకుని, ఆ మూడు వరుసల మీద రెండు గంటలు కూర్చున్నారు.

“ఎనిమిది వందల యేళ్ల కిందట ఎవడో కూర్చుని ఆలోచించాడయ్యా” అన్నారు నాతో. “మొగుడు పోయినావిడ ఎక్కడికి పోతుందీ అని. కత్తులు పట్టుకు తిరిగే మోటు మనుషులు, వాళ్లకి తోచింది. నలభై రోజులు ఊరుకోండ్రా అన్నారు.”

ఆ మూడు వరుసల నుంచి పదహారేళ్లు వెళ్లింది ఆ చదువు. బావగారి ముఖం మళ్లీ చూడనని ఆవిడ పంతం పట్టలేదు. పెళ్లిళ్లలో, ఉగాది సభల్లో ఎదురుపడేవారు. ఆయన “బాగున్నావామ్మా” అనేవాడు, ఆవిడ “బాగున్నాను బావగారూ” అనేవారు. ఆ పన్నెండో రోజు మాట ఎవరి నోటా రాలేదు. ఆయన సంఘం సంచికకు సంపాదకుడయ్యాడని తెలిసినప్పుడు సుందరి గారు చీటీల సంచులు విప్పి, నాలుగు నెలలు కూర్చుని, తొమ్మిది పేజీలు చేత్తో రాశారు. ఆఖరి పేరాలో దొరసానుల నుంచి ఈ కాలానికి వచ్చారు. ఇల్లు భర్త పేరున ఉంటే ఒంటారియో చట్టం ఇప్పుడు భార్యకు అరవై రోజులు ఇస్తుందని, ఇల్లు ఇంకొకరిదైతే ఆ అరవై కూడా లేవని రాసి, రెండు వేల ఆరులో ఇదే ఊళ్లో ఒకావిడకు ఏం జరిగిందో పేర్లు లేకుండా పది వరుసల్లో చెప్పారు. ఆ పేరా నాకు కూడా చూపించలేదు. జెరాక్సు తీసుకుని, తొమ్మిది పేజీలూ కవరులో పెట్టి రిచ్‌మండ్ హిల్‌కు పోస్టు చేశారు.

అది వ్యాసం అని అందరూ అనుకున్నాం. అది ఒక మనిషికి రాసిన ఉత్తరం. ఆ మనిషి దాన్ని చదివి, అర్థం తిప్పి, తోక కోసి అచ్చువేశాడు.

సంచిక వచ్చిన వారం ఆవిడకు ఫోన్లు వచ్చాయి. బాగా రాశారండీ, మనమే నయం కదండీ, అని. వాటర్లూలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే స్నేహ ఒక్కతే విసుక్కుంది. “అమ్మా, హూ ఈవెన్ రీడ్స్ దట్ మ్యాగజీన్?” అందట. కూతురు ఊరడించడానికే అన్నదని, కాని ఆ మాటే ఎక్కువ తగిలిందని సుందరి గారు చెప్పారు.

మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం నా రూమ్మేట్ కారు అడిగి తీసుకుని ఆవిడను రిచ్‌మండ్ హిల్ తీసుకెళ్లాను. వేరే కాగితం మీద సవరణ రాసి తెచ్చుకున్నారు. నాలుగు వరుసలు. దారిలో రెండుసార్లు తీసి చదువుకున్నారు. నేను ఏం మాట్లాడకూడదని ముందే ఒట్టు వేయించుకున్నారు.

యజ్ఞనారాయణ గారిని నేను ఒక రాక్షసుడిగా ఊహించుకుని వెళ్లాను. తలుపు తీసింది బక్కపలచటి పెద్దమనిషి, ఉన్ని స్వెట్టరులో, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని. నన్ను కూడా ఆప్యాయంగా లోపలికి పిలిచాడు. ఏ ఊరు నాయనా అని అడిగాడు. కోదాడ అంటే, ఆ దారిలో బస్సు ఆగితే తాగే టీ గురించి చాలాసేపు చెప్పాడు. రాధిక గారు సోఫా అంచున కూర్చున్నారు. మోకాళ్ల నొప్పులట. సుందరి గారిని చూసి నవ్వి, చూపు పక్కకు తిప్పుకున్నారు.

“నీ వ్యాసానికి ఎన్ని ఫోన్లొచ్చాయో తెలుసా సుందరమ్మా” అన్నాడు ఆయన. “ఎడ్మంటన్ నుంచి ఒకాయన చేశాడు. ఎవరండీ ఈవిడ, ప్రొఫెసరా అన్నాడు. మా మరదలేనండీ అన్నాను.”

“బావగారూ, క్వారంటైన్ దగ్గర ఆ మాటలు నేను రాయలేదు.”

“నేనే యాడ్ చేశా. నువ్వు మాట వేసి వదిలేశావ్ కదా. రీడర్‌కి క్లారిటీ ఉండద్దూ?”

“అర్థం తిరగబడింది. బంధించడం కాదు. పంపకూడదని.”

“ఎవర్ని?”

“మొగుడు పోయినావిడని.”

“ఎక్కణ్ణుంచి?”

“ఇంట్లోంచి” అన్నారు సుందరి గారు. ఆవిడ గొంతు ఏమీ మారలేదు. బెల్టు దగ్గర అరటిపండు అన్నట్టే అన్నారు. “నలభై రోజులదాకా పంపకూడదు బావగారూ. అదీ దాని అర్థం.”

నేను ఆయన ముఖాన్నే చూస్తున్నాను. రెప్పపాటులో ఏదైనా కదులుతుందేమోనని చూశాను. ఏమీ లేదు. కళ్లజోడు కిందికి దించుకుని, సవరణ కాగితం తీసుకుని, పెదవులు కదుపుతూ చదివాడు. “ఓహో, అలాగా. ఇంటరెస్టింగ్” అన్నాడు. దీపావళి సంచికలో తప్పకుండా వేద్దామన్నాడు. కాగితాన్ని మడిచి స్వెట్టరు జేబులో పెట్టుకున్నాడు. ఆఖరి పేరా సంగతి సుందరి గారు అడిగితే, పేజీ నిండిపోయిందమ్మా, కింద ఎన్ని వరుసలు ఎక్కువైతే అన్ని తీయడమే, అన్నాడు. ఆ పేరా చదవకుండానే కోశాడని సుందరి గారికి అప్పుడు అర్థమైంది.

రాధిక గారు కాఫీ తెస్తానని లేచి వంటింట్లోకి వెళ్లారు. చాలాసేపు రాలేదు. చివరికి కాఫీ ఆయనే వెళ్లి తెచ్చాడు. మేం గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే అప్పుడు వచ్చారు, గోడ పట్టుకుని.

“చేత్తో రాసింది ఉందా సుందరీ నీ దగ్గర? పుస్తకంలో అక్షరాలు మరీ చిన్నవి. నాకు ఆనవు.”

“జెరాక్స్ ఉందక్కా. పంపిస్తా.”

తిరుగుదారిలో నా ఒట్టు తీరిపోయింది కాబట్టి అరిచినంత పని చేశాను. ఆ పెద్దమనిషి అన్నీ తెలిసే నటిస్తున్నాడని, అంత మర్యాద నటనకే పనికొస్తుందని, ఇలాంటివాళ్లను సభల్లో శాలువాలు కప్పి పూజిస్తారని, ఇంకా చాలా. సుందరి గారు కిటికీలోంచి గిడ్డంగుల గోడలు చూస్తూ కూర్చున్నారు. నేను ఆగాక అన్నారు:

“తెలిసి చేసుంటే బావుండేదయ్యా. గుర్తుందన్నమాట అనుకునేదాన్ని.”

దీపావళి సంచిక ఒక మంగళవారం వచ్చింది. ఆవిడ దాన్ని వంటగదికి తెచ్చారు. విరామంలో నాకు పేజీ తీసి ఇచ్చారు. రంగోలీ పోటీ ఫలితాల కింద, చిన్న బాక్సులో, రెండు వరుసలు: “సవరణ: గత సంచిక 31వ పేజీలో ‘క్వారంటైన్’ అను ఆంగ్లపదమునకు బదులు ‘ఏకాంతవాసం’ అని చదువుకొనగలరు. అచ్చుతప్పునకు చింతిస్తున్నాము.”

నేను చదివి తలెత్తేసరికి ఆవిడ నవ్వుతున్నారు. నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం బల్ల మీద తలలు పెట్టి నవ్వాం. పక్క బల్లవాళ్లు ఏమిటని అడిగితే చెప్పడానికి కుదరలేదు. ఏ భాషలో చెప్పాలి, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

విరామం అయ్యాక ఆవిడ బెల్టు దగ్గర ఒక్క మాట మాట్లాడలేదు. షుగర్ పేషెంటు ట్రే మీద తియ్యటి జ్యూసు పెట్టేశారు. చివర పోర్చుగీసు ఆవిడ చూసి తీసి, ఆశ్చర్యంగా మా వైపు చూసింది. సుందరి గారి చేతిలో అలా జరగడం నేనైతే అంతకు ముందెప్పుడూ చూడలేదు. ఆ రోజు నుంచి ఆవిడ చీటీలు తీసుకోవడం మానేశారు. ట్రేలు తిరిగి వచ్చేవి, శుభ్రంగా ఉన్న చీటీలు కూడా మిగతావాటితో పాటు చెత్తలో పడేవి. నేను రెండు మూడుసార్లు ఏరి ఇవ్వబోయాను. వద్దన్నారు. దొరసానుల మాట ఎత్తితే, “అవన్నీ ఎవరిక్కావాలయ్యా, వాళ్లు పోయీ అయిదొందల యేళ్లయింది” అన్నారు. సెలవు రోజున గ్రంథాలయానికి బదులు ఇంట్లో టీవీ పెట్టుకుని పడుకుంటున్నానని స్నేహతో చెప్పారట. స్నేహ నాకు ఫోన్ చేసి, ఒక్కో మాటా తడుముకుంటూ తెలుగులోనే, అమ్మ బాగానే ఉందా అని అడిగింది. ఆ అమ్మాయి తెలుగులో మాట్లాడటం నేను అప్పుడే విన్నాను.

ఆ చలికాలం అంతా అలాగే గడిచింది. బెల్టు నడిచింది, మేం నిలబడ్డాం, సూపు, పెరుగు, అరటిపండు. అంతకు ముందు ఏడాది అదే బెల్టు మీద ఎంత పెద్ద లోకం నడిచిందో నాకు తెలుసు. అందుకే ఆ నిశ్శబ్దం భరించడం కష్టమైంది. నా వర్క్ పర్మిట్ గడువు కూడా దగ్గర పడుతోంది. సర్రేలో తెలిసినాయన ఒకరు ఎయిర్‌పోర్టు సరుకుల విభాగంలో పని ఉందని, పీఆర్‌కు, అంటే శాశ్వత నివాసానికి, కూడా దారి ఉందని చెబితే ఒప్పుకున్నాను. హామిల్టన్‌లో నన్ను ఆపేది ఏదీ మిగల్లేదని నాకు నేను చెప్పుకున్నాను.

వెళ్లే ముందు శనివారం చెప్పిరావడానికి ఆవిడ ఉండే అపార్టుమెంటుకు వెళ్లాను. మార్చి మొదటి వారం. కిటికీ కింద మంచు నల్లగా కరుగుతోంది. తలుపు తీసిన సుందరి గారి వేళ్లకు ఇంకు అంటి ఉంది. బల్ల మీద తెల్ల కాగితాలు, పక్కన పాత జెరాక్సు పేజీలు, బియ్యం సంచులు రెండూ విప్పి నేల మీద. నాకు కుర్చీ ఖాళీ చేయడానికి చీటీల కట్టలు నాలుగు తీసి మంచం మీద వేశారు. పెసరట్లు పోసి పెట్టారు. ఉత్తర ఇంగ్లండులో ఒక ముసలి దొరసాని అల్లుడితో పదకొండేళ్లు కోర్టులో పోరాడిన కథ, నేను అడగకుండానే, మొదలుపెట్టారు. మధ్యలో నేనే ఆపాను. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టారని అడిగాను.

జనవరిలో రాధిక గారు ఫోన్ చేశారట. మే నెలలో ఇంకో కాపీ తీసి పంపిన జెరాక్సు పేజీలు అన్నాళ్లూ ఆవిడ దగ్గరే ఉన్నాయి. భూతద్దం పెట్టుకుని, రోజుకు కొంచెంగా, తొమ్మిది పేజీలూ చదివారట. ఆఖరి పేరాతో సహా.

సారీ చెప్పిందా అని అడిగాను. నాకు కావలసింది అదే. ఆ ఇంట్లోవాళ్లలో ఒక్కరైనా ఆ మాట అనాలని నేను ఏడాదిగా కాచుకుని ఉన్నాను.

సుందరి గారు అట్లకాడ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. రాస్తున్న కాగితం తన వైపు లాక్కుని, అక్షరాలు ఆరాయా లేదా అని వేలితో చూసుకున్నారు.

“చెప్పలేదయ్యా. ఒక తప్పు పట్టుకుంది. చివర్లో, ‘ఆవిడ కూతుర్ని తీసుకుని టాక్సీలో వెళ్లిపోయింది’ అని రాశాను నేను. ఎందుకో అలా రాసుకున్నాను, చదివేవాళ్ల ముందు చిన్నతనంగా ఉంటుందని. అక్కేమందో తెలుసా? ‘టాక్సీ ఎక్కడిదే సుందరీ, బస్సులో కదా వెళ్లావు. వాన పడుతోంది. రెండు బస్సులు నిండుగా ఉన్నాయని ఆపకుండా పోయాయి, మూడోది ఎక్కావు. పై కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను’ అంది. నిజమే. మూడో బస్సే. ఆ ఒక్క మాటా సరిచేసి, మొత్తం మొదట్నుంచీ మళ్లీ రాస్తున్నాను.”